పదకొండు షాపులు తిరిగాను, మా అబ్బాయి మందు దొరకలేదు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం. మా అబ్బాయికి 20 ఏళ్ళు, అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాడు. మూడేళ్ళ కిందట చేతులు వణకడం, మాట ముద్దగా రావడం మొదలైతే బెంగళూరు తీసుకుపోయాం. విల్సన్ జబ్బు అన్నారు. ఒంట్లో రాగి పేరుకుపోతుందట. అప్పటి నుంచి డి-పెనిసిలమైన్ 250 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ళు రోజుకు మూడు వేసుకుంటున్నాడు. దేవుడి దయవల్ల ఇప్పుడు బాగున్నాడు. ఇన్నాళ్ళూ మాకు మందు తెప్పించి ఇచ్చిన షాపాయన షాపు ఎత్తేశాడు. కళ్యాణదుర్గం, అనంతపురం కలిపి పదకొండు షాపులు తిరిగాను. అందరూ లేదన్నవాళ్ళే. ఒక షాపులో పిల్లవాడు ఇదేనమ్మా అని ఏవో మాత్రలు ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే పేరు వేరు. ఇంట్లో 27 క్యాప్సూళ్ళే మిగిలాయి. డాక్టర్ దగ్గరికి పోవాల్సిన తేదీకి ఇంకా రెండు నెలలుంది. మా ఆడపడుచు "బాగానే ఉన్నాడు కదా, ఒక నెల ఆపితే ఏమవుతుంది" అంటోంది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఈ మందు ఏ షాపులో దొరుకుతుందో చెప్పగలరా?
— ఒక తల్లి, కళ్యాణదుర్గం

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం చేతికందిన రోజే మీకు ఫోన్ చేశాను. 27 క్యాప్సూళ్ళు, రోజుకు మూడు, అంటే తొమ్మిది రోజులు. జవాబు అచ్చయ్యేదాకా ఆగేంత టైమ్ లేదు. ఆ రోజు ఫోన్లో చెప్పినవి ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. ఇదే అవస్థలో ఇంకో ఇంట్లో ఇంకో తల్లి ఉండి ఉంటుంది. ఆ తర్వాత మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను.

ముందుగా, మందు ఆపొద్దు. మీ ఆడపడుచుగారి మీద కోపం తెచ్చుకోకండి. పిల్లవాడు కళ్ళెదుట చక్కగా తిరుగుతుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ అతను బాగున్నది ఆ క్యాప్సూల్ వల్లే. మనం తినే తిండితో రోజూ కొంచెం రాగి లోపలికి పోతుంది. మామూలుగా కాలేయం కావలసినంత ఉంచుకుని మిగతాది పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. విల్సన్ జబ్బు ఉన్నవాళ్ళకు పుట్టుకతోనే ఆ దారి సరిగా పనిచేయదు. రాగి కాలేయంలో నిండి, అక్కడి నుంచి మెదడుకు, కంటి నల్లగుడ్డు అంచుకు చేరుతుంది. పెనిసిలమైన్ ఆ రాగిని పట్టుకుని మూత్రంలో బయటికి లాగుతుంది. మందు ఆపిన మర్నాడు ఏమీ కాదు, వారానికీ ఏమీ కనపడదు. ఈ జబ్బులో మోసమంతా అక్కడే ఉంది. లోపల రాగి మళ్ళీ చేరుతూ పోతుంది. అలా మందు మానేసిన వాళ్ళలో కొందరికి కొన్ని నెలల తర్వాత కాలేయం ఒక్కసారిగా దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చింది. తిరిగొచ్చిన వణుకు మందు మళ్ళీ మొదలుపెట్టినా పూర్తిగా పోని వాళ్ళూ ఉన్నారు.

డాక్టర్ విల్సన్ ఈ జబ్బును 1912లో వివరించినప్పుడు దీనికి వైద్యమే లేదు. 1956లో జాన్ వాల్ష్ అనే ఇంగ్లండ్ డాక్టర్ పెనిసిలమైన్‌ను నోటితో వేసుకునే మందుగా వాడి చూపించారు. ఆ తర్వాతే ఈ పిల్లలు చదువుకుని, పెళ్ళిళ్ళు చేసుకుని, అందరిలా బతకడం మొదలైంది. ఈ మాట మీ ఆడపడుచుగారికి చదివి వినిపించండి.

రెండోది, మందును సాగదీయొద్దు. మూడు వేయాల్సిన చోట రెండు వేస్తే ఇంకో నాలుగు రోజులు వస్తాయి కదా అని ఇంట్లో వాళ్ళు ఎవరికీ చెప్పకుండా చేసేస్తుంటారు. నా కౌంటర్ దగ్గర కళ్ళనీళ్ళతో ఒప్పుకున్న వాళ్ళున్నారు. డాక్టర్‌ను అడగకుండా ఆ పని చేయకండి. ఒకవేళ ఎప్పుడైనా మందు నిజంగానే దొరక్క కొన్ని రోజులు ఆగిపోతే, దొరికిన రోజు మళ్ళీ మూడూ వేసేయకండి. ఈ మందు మధ్యలో ఆగి మళ్ళీ మొదలైతే కొందరికి జ్వరం, దద్దుర్లు లాంటి రియాక్షన్ వస్తుంది. అందుకే డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఆ సంగతి ఫోన్లో అడిగి తెలుసుకున్నాకే వేయండి.

డాక్టర్‌ను చూడాల్సిన తేదీ రెండు నెలల తర్వాత ఉందంటే అప్పటిదాకా వాళ్ళతో మాట్లాడకూడదని కాదు కదమ్మా. ఓపీ కార్డు మీద ఆ విభాగం నంబర్ ఉంటుంది. పొద్దున ఓపీ రద్దీలో ఎత్తకపోవచ్చు, మధ్యాహ్నం చేయండి. పేషెంట్ నంబర్, మందు పేరు, ఎన్ని రోజులకు మిగిలిందో ముందే చెప్పండి. "మీ ఫార్మసీలో ఉందా" అని అడగండి. "దొరకకపోతే బదులు ఏం వాడాలి" అని కూడా అడగండి. ఈ జబ్బుకు ట్రయెంటిన్ అనే మందు, జింక్ కూడా వాడతారు. ఎవరికి ఏది సరిపడుతుందో, ఎంత వేయాలో చూసుకుని డాక్టరే మార్చాలి. జింక్ ప్రతి షాపులో దొరుకుతుంది కదా అని పిల్లల విరేచనాలకు ఇచ్చే జింక్ మాత్రలు తెచ్చి వేసేయకండి. దాని లెక్క వేరు, దీని లెక్క వేరు.

మీ అన్నగారి అబ్బాయి బెంగళూరులో ఆ ఆసుపత్రి ఫార్మసీకే వెళ్ళి 6 స్ట్రిప్పులు కొని రాత్రి బస్సుకు పంపాడని మొన్న చెప్పారు. నా మనసు ఎంత కుదుటపడిందో చెప్పలేను. 60 క్యాప్సూళ్ళు, 20 రోజులు. ఈ 20 రోజుల్లో చేయాల్సిన పని గురించే మిగతా ఉత్తరం.

మీరు అడిగింది ఏ షాపులో దొరుకుతుందని. నేను ఈ రోజు ఒక షాపు పేరు చెప్పినా, మీరు వెళ్ళే రోజుకు అక్కడ అయిపోయి ఉండొచ్చు. మీకు మందు మూడేళ్ళు ఇబ్బంది లేకుండా దొరికిందంటే కారణం ఏమిటో మీ ఉత్తరంలోనే రాశారు: "తెప్పించి ఇచ్చిన షాపాయన". ఆయన దగ్గర ఈ మందు ఊరికే అరలో పడి ఉండేది కాదు. మీ కోసం తెప్పించేవాడు. అలాంటి మనిషిని మళ్ళీ సంపాదించుకోవాలి.

నేను కర్నూలులో పెద్దాసుపత్రికి దగ్గర్లో ఒక మందుల షాపులో 20 ఏళ్ళకు పైగా కౌంటర్ వెనక నిలబడి పనిచేశాను. "లేదు" అనే మాట రోజుకు ఎన్నిసార్లు అనేదాన్నో లెక్కలేదు. కౌంటర్ అవతలి మనిషికి ఆ మాట ఒకటే. ఇవతల ఉన్న మాకు అందులో నాలుగు రకాలున్నాయి.

మొదటి రకం: మేం ఆ మందు అసలు పెట్టం. దానికి "మూవింగ్ లేదు" అంటాం, అంటే అడిగేవాళ్ళు లేరని. విల్సన్ జబ్బు అరుదైనది. చిన్న ఊళ్ళో ఒక షాపుకు ఏడాది పొడుగునా ఈ చీటీతో ఒక్కరూ రాకపోవచ్చు. తెచ్చి పెట్టుకున్న డబ్బా తేదీ దాటిపోతే ఆ నష్టం షాపు వాడిదే. మీరు తిరిగిన పదకొండు షాపుల్లో చాలావరకు ఈ రకమే అయి ఉంటుంది. ఆ షాపు వాడికి మందు దొరకదని కాదు, అతనెప్పుడూ అడగలేదంతే.

రెండో రకం: పెడతాం కానీ ఇవాళ అయిపోయింది. ఇది మంచి "లేదు". రేపో ఎల్లుండో వస్తుంది.

మూడో రకం: మేం అడిగాం, షాపులకు మందులు పంపే ఏజెన్సీ వాళ్ళ దగ్గరే లేదు. దీన్నే "సప్లై రావట్లేదు" అంటారు. ఒక ఏజెన్సీలో లేకపోయినా ఇంకో ఏజెన్సీలో, ఇంకో కంపెనీది ఉండొచ్చు.

నాలుగోది: కంపెనీలోనే లేదు. ముడిసరుకు రాకో, ఫ్యాక్టరీలో ఏదైనా అడ్డంకి వచ్చో తయారీ ఆగింది. ఇది నిజంగా కష్టమైన "లేదు". కానీ షాపుల్లో ఈ మాట నిజంగా ఉన్నదానికంటే ఎక్కువసార్లు వాడేస్తారు, ఎందుకంటే ఆ మాట వినగానే వచ్చిన మనిషి వెళ్ళిపోతాడు.

ఇది నిష్ఠూరంగా రాయడం లేదు, నేనూ ఆ పని చేశాను. పత్తికొండ వైపు నుంచి ఒక పెద్దాయన కూతురి మందు కోసం వరసగా మూడు నెలలు మా షాపుకు వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో ప్లాస్టిక్ సంచి, దాంట్లో నాలుగు మడతలు పెట్టిన చీటీ. ఆ మడతల దగ్గర కాగితం చిరిగిపోయి మందు పేరు రెండు ముక్కలైంది. మూడుసార్లూ చీటీ సగం విప్పే లోపే "లేదు నాయనా" అన్నాను. నాలుగోసారి షాపులో రద్దీ లేక ఏజెన్సీకి ఫోన్ చేశాను. "ఉంది కదమ్మా, మీరెప్పుడూ అడగలేదే" అన్నారు. సాయంత్రానికి వచ్చేసింది. ఆయన నాకు చేతులెత్తి దండం పెట్టాడు. ఆ దండం నన్ను ఇన్నేళ్ళుగా వదల్లేదు. ఆ తర్వాత నా కౌంటర్‌లో చీటీ పూర్తిగా విప్పి చదవకుండా "లేదు" అనడం మానేశాను.

అందుకే అమ్మా, "లేదు" అన్నప్పుడు వెనక్కి తిరగకండి. "మీరు పెట్టరా, అయిపోయిందా, ఏజెన్సీలో లేదా" అని మెల్లగా అడగండి. ఆ జవాబును బట్టే మీ తర్వాతి అడుగు.

ఇప్పుడు పేరు సంగతి. ఆ షాపు పిల్లవాడు మీకు ఇచ్చినది పెనిసిలిన్ మాత్రలని ఫోన్లో స్ట్రిప్ మీది పేరు చదివి చెప్పారు. మీరు ఇంటికెళ్ళి పేరు సరిచూసుకున్నారు చూడండి, అదెంత మంచి పని చేశారో. పెనిసిలమైన్, పెనిసిలిన్ చెవికి ఒకేలా వినపడతాయి. పెనిసిలిన్ నుంచి పుట్టిన పదార్థమే పెనిసిలమైన్, అందుకే ఆ పేరు. పనిలో మాత్రం రెండింటికీ పోలిక లేదు. అది సూక్ష్మజీవుల్ని చంపే మందు, ఇది రాగిని లాగే మందు. కాబట్టి ఈ మందును నోటిమాటగా ఎప్పుడూ అడగకండి. చీటీ చూపించండి, పాత ఖాళీ స్ట్రిప్ పక్కన పెట్టండి. ఒక తెల్లకాగితం మీద మందు అసలు పేరు, 250 మిల్లీగ్రాములు, క్యాప్సూల్, నెలకు 90 అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో మీ అబ్బాయి చేత రాయించుకోండి. అసలు పేరు అంటే కంపెనీ పెట్టిన బ్రాండ్ పేరు కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉండే పేరు. బ్రాండ్ పేరుతో అడిగితే ఆ కంపెనీది లేనప్పుడు కథ అక్కడితో ఆగిపోతుంది. అసలు పేరుతో అడిగితే ఏ కంపెనీది ఉన్నా బయటపడుతుంది. కంపెనీ మారినప్పుడు మాత్రం కొత్త స్ట్రిప్ ఫొటో తీసి డాక్టర్‌కు పంపి సరేనన్నాక వాడండి.

ఇక షాపు. అబ్బాయి అనంతపురంలోనే చదువుతున్నాడు కాబట్టి అక్కడే చూసుకోవడం నయం. కళ్యాణదుర్గం కంటే అక్కడ ఏజెన్సీలు దగ్గర. సాయినగర్ వైపు ఆసుపత్రులు ఎక్కువ, వాటితోపాటు మందుల షాపులూ ఎక్కువ. అక్కడ నరాల డాక్టర్‌కో, కాలేయం డాక్టర్‌కో దగ్గరగా ఉన్న షాపును ఎంచుకోండి. ఇలాంటి చీటీలు వాళ్ళకు కొత్త కాదు. సాయంత్రం ఏడు గంటల రద్దీలో వెళ్ళకండి. మధ్యాహ్నం రెండు, మూడు మధ్య వెళ్ళండి. అప్పుడు యజమాని కుర్చీలో కూర్చుని లెక్కలు చూసుకుంటుంటాడు, వినే ఓపిక ఉంటుంది. కౌంటర్ పిల్లవాడితో కాకుండా ఆయనతోనే మాట్లాడండి.

"అన్నా, మా అబ్బాయికి ఈ మందు జీవితాంతం కావాలి. నెలకు తొమ్మిది స్ట్రిప్పులు. ప్రతి నెలా మీ దగ్గరే కొంటాను, అడ్వాన్స్ ఇస్తాను. మీరు తెప్పించగలరా?" అని అడగండి. ఈ మాటల్లో షాపాయనకు కావలసినవన్నీ ఉన్నాయి. ఒకటో రెండో కాదు, తొమ్మిది స్ట్రిప్పులు. ఒక నెలతో పోయే గిరాకీ కాదు. తెప్పించాక మీరు రాకపోతే మందు తన నెత్తిన పడుతుందన్న భయం అడ్వాన్స్‌తో పోతుంది. ఆ భయం ఉత్తది కాదమ్మా. అర్జెంటు అని ఆర్డర్ పెట్టించి తిరిగి రాని వాళ్ళ మందులు తేదీ దాటిపోతే డబ్బా నిండా కట్టి పక్కన పెట్టిన రోజులు నాకు తెలుసు.

చీటీ జిరాక్స్ ఒకటి ఆయన దగ్గర ఉంచండి, ఫోన్ నంబర్ రాయించండి, ఆయన నంబర్ మీరు తీసుకోండి. ప్రతిసారీ బిల్లు తీసుకోండి. బిల్లులో బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ ఉంటాయి. పైగా రేపు ఆ మందు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే బిల్లే ఆధారం. ఇంకో షాపుతో కూడా పరిచయం పెట్టుకోండి, కానీ ఆర్డర్ మాత్రం ఒక్కరికే. ఇద్దరికీ చెప్పి ఒకరి దగ్గర కొంటే రెండో ఆయన మళ్ళీ మీకు తెప్పించడు.

ఏజెన్సీల సంగతి కొంచెం తెలిస్తే మీకు షాపాయనతో మాట్లాడటం తేలికవుతుంది. కంపెనీ నుంచి మందు డిపోకు, అక్కడి నుంచి ఊళ్ళో ఏజెన్సీలకు, వాళ్ళ దగ్గర నుంచి షాపులకు వస్తుంది. ఈ దారి సాధారణంగా రాష్ట్రాల వారీగా ఉంటుంది. అనంతపురం మనిషికి బెంగళూరు దగ్గర, కానీ అనంతపురం షాపుకు వచ్చే మందు చాలావరకు విజయవాడ వైపు నుంచి వస్తుంది. అందుకే బెంగళూరులో అరల నిండా ఉన్న మందు, 200 కిలోమీటర్ల ఇవతల మన దగ్గర ఒక్కటి కూడా లేకపోవడం జరుగుతుంది. ఇది తెలియక మనం మన ఊళ్ళోనే పది షాపులు తిరుగుతాం. పదింటికీ మందు వచ్చేది ఆ నాలుగైదు ఏజెన్సీల నుంచే. పదో షాపులో అడిగినా అదే జవాబు వస్తుంది. షాపాయన్ను "కర్నూలు, తిరుపతి ఏజెన్సీల్లో కనుక్కోగలరా" అని అడగండి. షాపుల వాళ్ళకు వాళ్ళ వాట్సాప్ గ్రూపులు ఉంటాయి, ఒక్క మెసేజ్‌తో తేలిపోతుంది. ఆర్టీసీ కార్గోలో పార్శిల్ మర్నాటికి వచ్చేస్తుంది.

బెంగళూరులో మీ మనిషి ఒకరున్నారు కాబట్టి ఆ దారి కూడా తెరిచి ఉంచండి. చీటీ ఫొటో ఆ అబ్బాయి ఫోన్‌లో ఎప్పుడూ ఉండనివ్వండి. బస్సుకు పంపేటప్పుడు బిల్లు కూడా ఆ పార్శిల్‌లోనే పెట్టమనండి, డ్రైవర్ ముందు అద్దం దగ్గర ఎండలో పెట్టొద్దని చెప్పమనండి.

ఆన్‌లైన్ మందుల యాప్‌ల గురించి కూడా ఫోన్లో అడిగారు. వాడొచ్చు, కానీ చివరి వారంలో వాటిని నమ్ముకోకండి. ఉందని చూపించి, డబ్బు కట్టించుకుని, రెండు రోజుల తర్వాత స్టాక్ లేదని క్యాన్సిల్ చేసిన సందర్భాలు చాలామంది చెప్పారు. డబ్బు తిరిగొస్తుంది, పోయిన రోజులు రావు. కళ్యాణదుర్గం పిన్ కోడ్‌కు రాదంటే అబ్బాయి ఉండే అనంతపురం పిన్ కోడ్‌తో, మీ అన్నగారి బెంగళూరు పిన్ కోడ్‌తో చూడండి. చీటీ అడగకుండా పంపిస్తామనే చోట కొనకండి. చీటీ లేకుండా ఇవ్వకూడని మందు ఇది. అది అడగని వాడు మందు అసలుదో నకిలీదో కూడా పట్టించుకోడు.

జన్ ఔషధి దుకాణాల్లోనూ అడగండి. వాళ్ళకు జన్ ఔషధి సుగమ్ అని ఒక యాప్ ఉంది. దాంట్లో మందు పేరు కొట్టి చూడొచ్చు, దగ్గర్లో దుకాణం ఎక్కడుందో కూడా చూపిస్తుంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర హెచ్‌ఎల్‌ఎల్ లైఫ్‌కేర్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నడిపే అమృత్ ఫార్మసీలు ఉంటాయి. ఖరీదైన మందులు తక్కువకు ఇస్తారు, చెకప్‌కు వెళ్ళినప్పుడు అక్కడా ఒక మాట అడగండి.

నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది ఇంకొకటుంది. బెంగళూరు ఓపీలో మీ పక్కన బెంచీ మీద కూర్చునే వాళ్ళు. అక్కడ ఇదే జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులు కనీసం ఇద్దరు, ముగ్గురు ఉంటారు. ధర్మవరం వాళ్ళో, బళ్ళారి వాళ్ళో, చిత్రదుర్గ వాళ్ళో. వాళ్ళు మందు ఎక్కడ కొంటున్నారో ఆ బెంచీ మీదే అడగండి, నంబర్లు రాసుకోండి. మన దగ్గర షార్టేజ్ వచ్చినప్పుడు వాళ్ళ ఊళ్ళో ఉండొచ్చు. అయితే ఒకరి మందు ఒకరు సర్దుకునేటప్పుడు జాగ్రత్త. మిల్లీగ్రాములు, ఎక్స్‌పైరీ చూడకుండా తీసుకోవద్దు. స్ట్రిప్ కత్తిరించినప్పుడు తేదీ ఉన్న ముక్క వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. తేదీ లేని ముక్క మీకు వద్దు.

నాలుగో రకం "లేదు" నిజంగానే వచ్చిందనుకోండి, ఏ ఊళ్ళోనూ, ఏ కంపెనీదీ లేదు. అప్పుడు ఊరుకోకండి. డి-పెనిసిలమైన్ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు. ఈ జాబితాలోని మందుకు ప్రభుత్వం గరిష్ట ధర నిర్ణయిస్తుంది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇలాంటి మందు తయారీ మానేయాలనుకున్న కంపెనీ కనీసం ఆరు నెలల ముందు ప్రభుత్వానికి చెప్పాలి. ఈ ధరల్ని, కొరతను చూసే సంస్థ ఢిల్లీలోని జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ, అందరూ ఎన్‌పీపీఏ అంటారు. వాళ్ళ టోల్ ఫ్రీ నంబర్ 1800 111 255. మందు దొరకడం లేదని దానికి చెప్పుకోవచ్చు. మందు పేరు, మిల్లీగ్రాములు, ఏ ఊళ్ళో ఏ తేదీన ఎన్ని షాపుల్లో అడిగారో రాసి పెట్టుకుని చెప్పండి. మీరు తిరిగిన పదకొండు షాపుల పేర్లు అప్పుడు పనికొస్తాయి. షార్టేజ్ పేరు చెప్పి ఎవరైనా స్ట్రిప్ మీద అచ్చేసిన ధర కంటే ఎక్కువ అడిగితే అదీ ఇక్కడే చెప్పొచ్చు. ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకునే హక్కు ఎవరికీ లేదు. జిల్లాలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కూడా ఉంటారు, రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇంట్లో మందు ఎప్పుడూ ఎంత ఉండాలి? నెల మందు చేతిలో ఉండగానే తర్వాతి నెల ఆర్డర్ పెట్టాలి. స్ట్రిప్పులు పెట్టే డబ్బాలో అడుగున 30 క్యాప్సూళ్ళు విడిగా ఒక కవర్లో పెట్టి "ముట్టుకోవద్దు" అని రాయండి. పైనవి అయిపోయి ఆ కవర్ కనపడిన రోజు మీ దగ్గర ఇంకా పది రోజుల మందు ఉన్నట్టు. కవర్లోని మందు పాతబడకుండా కొత్త స్ట్రిప్పులు వచ్చినప్పుడల్లా మార్చండి. డాక్టర్ ఒప్పుకుంటే మూడు నెలలకు సరిపడా చీటీ రాయించుకోండి. మన అనంతపురం ఎండల్లో రేకుల ఇంట్లో బీరువా మీద పెట్టకండి, పొయ్యి దగ్గరి అలమరలో కూడా వద్దు. డబ్బా మీద రాసిన చల్లదనంలో, తేమ తగలని చోట ఉంచండి.

మందు సంగతి కాకపోయినా ఒకటి చెప్పాలి. ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు అబ్బాయి హాస్టల్‌కు రాగి సీసాలో నీళ్ళు పట్టుకెళ్తాడని మీరు మాటల్లో అన్నారు. ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు అందరి ఇళ్ళలో అవే. మిగతా వాళ్ళ మాట ఎలా ఉన్నా మీ అబ్బాయికి అది పనికిరాదు. క్యాప్సూల్ బయటికి లాగుతున్న రాగిని సీసా మళ్ళీ లోపలికి పంపుతుంది. ఈ రోజే స్టీలు సీసా కొనివ్వండి. చెనిక్కాయలు, జీడిపప్పు, పుట్టగొడుగులు, చాక్లెట్, కార్జం వీటిలో కూడా రాగి ఎక్కువ. చెనిక్కాయలు పండించే ఇంట్లో పిల్లవాడికి ఊరుబిండి పెట్టొద్దంటే ఆ తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఎంతవరకు తినొచ్చో, ఏది పూర్తిగా మానాలో వాళ్ళ డాక్టర్‌నే అడగండి. క్యాప్సూల్ మాత్రం పరగడుపున, అంటే తినడానికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. పాలతో వద్దు. ఐరన్ మాత్రలు, గ్యాస్ మాత్రలు అదే సమయంలో వేసుకుంటే దీని పని తగ్గిపోతుంది. దీనితోపాటు రాసిన బి6 విటమిన్ మాత్ర చిన్నదే కదా అని మానొద్దు, ఈ మందు వాడేవాళ్ళకు అది అవసరం.

కళ్ళు పచ్చబడినా, కాళ్ళు వాచినా, మాట మళ్ళీ తడబడుతున్నట్టు అనిపించినా, అక్షరం వంకర పోతున్నా తేదీ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. నోట్సులో అతని రాత మీరు అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. అమ్మ కంటికి ముందుగా కనపడుతుంది.

వచ్చే సోమవారం అబ్బాయి కాలేజీకి వెళ్ళేటప్పుడు మీరూ బస్సెక్కండి. చీటీ జిరాక్స్ రెండు, ఖాళీ స్ట్రిప్, తెల్లకాగితం మీద పెద్ద అక్షరాల పేరు, అడ్వాన్స్ డబ్బు. మధ్యాహ్నం రెండింటికి షాపు దగ్గర ఉండండి. షాపాయన "కనుక్కుని చెబుతా" అంటే బుధవారం మీరే ఫోన్ చేయండి, ఆయన చేస్తాడని చూడకండి. ఆయన కాదంటే నాకు చెప్పండి, ఆ రోజే మనం రెండో షాపుతో మాట్లాడదాం.